పుస్తకం ఇస్తే పోదు

మన విశ్వవిద్యాలయాల లైబ్రరీలను ఇవాళ నడిపిస్తున్నవి రెండు నమ్మకాలు. పుస్తకం బయటికిస్తే పోతుందన్నది మొదటిది. ఇప్పుడు అన్నీ నెట్‌లోనే దొరుకుతున్నాయి కాబట్టి ఇవ్వకపోయినా ఎవరికీ వచ్చే నష్టం లేదన్నది రెండోది. మొదటి మాట లైబ్రరీ కౌంటర్ దగ్గర వినిపిస్తుంది, రెండోది పరిపాలనా భవనంలో వినిపిస్తుంది. ఈ రెండూ చేతులు కలిపేసరికి పుస్తకాలు బీరువాల్లో ఉండిపోతున్నాయి, చదువుకుందామని వచ్చినవాళ్లు ఉత్త చేతులతో తిరుగు బస్సు ఎక్కుతున్నారు. ఈ నమ్మకాలు ఎక్కడైనా తప్పే. బందరు, గుడివాడ, దివిసీమల్లో మాత్రం ఇవి ప్రమాదకరమైన తప్పు.

బందరులో కృష్ణా విశ్వవిద్యాలయం 2008లో ఏర్పడింది. అంతకుముందు ఈ ప్రాంతపు కళాశాలలన్నీ నాగార్జున విశ్వవిద్యాలయం కింద ఉండేవి. కొత్త విశ్వవిద్యాలయం మొదట ఆంధ్ర జాతీయ కళాశాల ఆవరణలో నడిచి, తర్వాత రుద్రవరం చేరింది. 1910లో కోపల్లె హనుమంతరావు, ముట్నూరి కృష్ణారావు, పట్టాభి సీతారామయ్య నిలబెట్టిన జాతీయ కళాశాల నీడలో పుట్టిన సంస్థ అది. ఏ విశ్వవిద్యాలయంలో ఎన్ని కార్డులిస్తారు, ఎన్ని రోజుల గడువిస్తారు అని తప్పులెంచడం నా పని కాదు. రాష్ట్రమంతటా, అన్ని పరిశోధన లైబ్రరీల్లోనూ పాతుకుపోయిన ఆలోచనతోనే నా తగాదా. అయితే ఆ తగాదా తేల్చుకోవలసిన చోటు బందరే. సముద్రం ఇంత దగ్గరగా ఉన్న ఊళ్లో ఈ ఆలోచనకు చెల్లించే మూల్యం ఎక్కువ.

ముందు మొదటి నమ్మకాన్ని దాని బలమైన రూపంలోనే తీసుకుందాం. లైబ్రేరియన్ భయం ఉత్తుత్తిది కాదు. పుస్తకం పోతే ఆడిట్ అభ్యంతరం రాస్తుంది. రిటైరయ్యే రోజున నో డ్యూస్ సర్టిఫికెట్ దగ్గర ఆ పద్దు అడ్డం పడుతుంది. ముప్పై ఏళ్లు కౌంటర్‌లో కూర్చున్న మనిషి తన పింఛను కోసం, ఎప్పుడో ఎవరో తీసుకెళ్లిన పుస్తకాల ఖరీదు లెక్కగట్టుకుని కట్టాల్సి వస్తుంది. పైగా లైబ్రరీ పోస్టులు ఏళ్ల తరబడి ఖాళీగా ఉంటాయి. ఉన్న ఒకరిద్దరే అటెండర్ పని నుంచి కంప్యూటర్ పని దాకా చూసుకోవాలి. అలాంటి మనిషి "ఇక్కడే కూర్చుని చదువుకోండి సార్, బయటికివ్వం" అంటే తప్పు ఆయనది కాదు. ఆయన్ని ఆ స్థితిలో నిలబెట్టిన నిబంధనది.

మరి నిబంధనలు నిజంగా అంత కఠినంగా ఉన్నాయా? కేంద్ర ప్రభుత్వ సాధారణ ఆర్థిక నియమావళి 2017లో 215వ నియమం తీసి చూడండి. ఏడాదిలో పాఠకులకు ఇచ్చిన, లేదా వాళ్లు లైబ్రరీలో తిరగేసిన ప్రతి వెయ్యి పుస్తకాలకు ఐదు పోతే దాన్ని సహజ నష్టంగా భావించవచ్చని అక్కడ స్పష్టంగా ఉంది. మోసం గాని నిర్లక్ష్యం గాని ఉండకూడదంతే. వెయ్యి రూపాయలకు మించిన ఖరీదుది పోయినా, అరుదైనది పోయినా విచారణ జరపాలి. ఇరవై వేల లోపు పుస్తకాలున్న లైబ్రరీలో ఏటా లెక్క చూడాలి, యాభై వేల దాకా ఉంటే మూడేళ్లకోసారి చూడాలి. ఇందులో చాలామంది గమనించని సంగతి ఒకటుంది. ఆ ఐదు పుస్తకాల సడలింపు లైబ్రరీలో ఉన్న పుస్తకాల మీద కాదు, వాడిన పుస్తకాల మీద. ఏడాదికి పది వేల పుస్తకాలు చేతులు మారిన లైబ్రరీలో యాభై పోయినా అది మామూలు నష్టమే. వెయ్యి మాత్రమే ఇచ్చిన చోట ఐదు దాటితే సంజాయిషీ ఇవ్వాలి. ఇచ్చేకొద్దీ లైబ్రేరియన్‌కు రక్షణ పెరుగుతుందే గాని తగ్గదు. బయటికివ్వడం మానేసి నిబంధనల నుంచి తప్పించుకుంటున్నామనుకుంటున్నవాళ్లు తమ రక్షణను తామే తగ్గించుకుంటున్నారు.

ఇది కేంద్ర నియమావళి, రాష్ట్ర విశ్వవిద్యాలయానికి నేరుగా వర్తించదు అనవచ్చు. ఒప్పుకుంటాను. కాని విశ్వవిద్యాలయానికి పాలకమండలి ఉంది, లైబ్రరీ కమిటీ ఉంది. ఇదే సూత్రాన్ని తీర్మానం చేసి రాసుకోవడానికి ఒక మధ్యాహ్నం సమావేశం చాలు. ఆ పని చేయకుండా కౌంటర్‌లో మనిషిని భయపెట్టి కూర్చోబెట్టడం పరిపాలన అనిపించుకోదు.

ఆంధ్రా బ్యాంకు ఈ బందరులోనే 1923లో పుట్టింది. స్థాపించింది పట్టాభి. అప్పు తీసుకున్నవాళ్లలో కొందరు ఎగ్గొడతారని ఆయనకు తెలియదా? తెలుసు. ఏ బ్యాంకైనా మొండి బాకీలకు కొంత సొమ్ము పక్కన పెట్టుకుని మిగతాది అప్పులిస్తూ పోతుంది. ఎగవేతదారుడు ఒకడున్నాడని అప్పులివ్వడమే మానేసిన బ్యాంకు బ్యాంకుగా మిగలదు, డబ్బు దాచుకునే ఇనప్పెట్టెగా మిగులుతుంది. పుస్తకాల విషయంలో మనం చేస్తున్నది సరిగ్గా అదే.

చేయి దాటిన పుస్తకం తిరిగి రాదని చెప్పే సంస్కృత సుభాషితం ఒకటి మన పెద్దల నోట తరచూ వినిపిస్తుంది. అందులో పుస్తకాన్నీ డబ్బునూ ఆడదాన్నీ ఒకే గాట కట్టారు. ఆ మాటను ఇంకా సామెతలా వల్లించడం ముందు మానుకోవాలి. అది తాటాకుల కాలపు మాట. ఒక ప్రతి రాయడానికి నెలలు పట్టేది, ఊరికి ఒకే ప్రతి ఉండేది, ఆ ప్రతి పోతే ఆ గ్రంథమే పోయినట్టు. అచ్చు యంత్రం వచ్చింది, జిరాక్సు వచ్చింది, ఫోను కెమెరా వచ్చింది. అయినా తాటాకు నాటి జాగ్రత్తనే మనం ముప్పై ఏళ్ల నాటి అర్థశాస్త్ర పాఠ్యపుస్తకానికి కూడా పాటిస్తున్నాం.

‘రిఫరెన్స్’ ముద్ర సంగతి చూడండి. నిఘంటువు, విజ్ఞాన సర్వస్వం, అట్లాసు, గెజెటీర్ లాంటివాటికి ఆ ముద్ర ఉండాలి. వాటిని ఎవరూ మొదటి పేజీ నుంచి చివరి దాకా చదవరు. తాళపత్రాలకు, మారుప్రతి లేని పాత ముద్రణలకు ఉండాలి. మనవాళ్లు మాత్రం ఆ ముద్రను ఖరీదు చూసి వేస్తారు. నాలుగు వేలు పెట్టి కొన్న పుస్తకం రిఫరెన్స్. రెండు సంపుటాలుంటే రిఫరెన్స్. గట్టి అట్ట ఉంటే రిఫరెన్స్. ఏ పుస్తకం పరిశోధకుడు కొనుక్కోలేడో సరిగ్గా దాన్నే ఇంటికి తీసుకెళ్లనివ్వరు. ఎనభై రూపాయల గైడు మాత్రం పదిహేను రోజులు ఉంచుకోవచ్చు.

ఇక ఆ పుస్తకం అక్కడే కూర్చుని చదవాల్సినవాళ్లెవరు? మన దగ్గర పీహెచ్‌డీ చేస్తున్నవాళ్లలో చాలామంది ప్రైవేటు కళాశాలల్లో పాఠాలు చెప్పుకుంటూ చదువుతున్నవాళ్లే. గుడివాడ నుంచి బందరు దాదాపు నలభై కిలోమీటర్లు. అవనిగడ్డ నుంచీ ఇంచుమించు అంతే. నాగాయలంక దాటి ఇంకా కిందికి వెళితే మరీ దూరం. వాళ్లకు దొరికే సెలవు ఆదివారం, ఆ రోజు లైబ్రరీకీ సెలవే. మామూలు రోజున పది గంటలకు తెరిచి ఐదింటికి మూస్తే, ఉద్యోగానికి సెలవు పెట్టి వచ్చిన మనిషికి నాలుగైదు గంటలు మిగులుతాయి. అంతసేపట్లో ఒక అధ్యాయానికి నోట్సు రాసుకోవచ్చు, ఒక గ్రంథాన్ని జీర్ణం చేసుకోలేరు. పరిశోధన అంటే ఒకే పేజీని వారం తర్వాత మళ్లీ తిరగేసి అనుమానం తీర్చుకోవడం. పుస్తకం ఇంట్లో లేనివాడు ఆ పని చేయలేడు. ఫలితం మనకు కళ్లముందే ఉంది. ఒక సిద్ధాంత గ్రంథంలో ఉన్న ఉటంకింపులే ఇంకో గ్రంథంలోకి, అక్కడి నుంచి మరోదానిలోకి, అచ్చుతప్పులతో సహా ఎక్కుతున్నాయి. దానికి పరిశోధకుల సోమరితనాన్ని తిడతారు. మూల గ్రంథాన్ని వాళ్ల చేతికి ఇవ్వని లైబ్రరీని ఎవరూ అడగరు.

ఇప్పుడు రెండో నమ్మకం. అన్నీ నెట్‌లో ఉన్నాయట. ఉన్నవేమిటో చూద్దాం. ‘ఒకే దేశం, ఒకే చందా’ పథకాన్ని 2024 నవంబరు 25న కేంద్ర మంత్రివర్గం ఆమోదించింది. మూడేళ్లకు 6,000 కోట్ల రూపాయలు. ముప్పై ప్రచురణ సంస్థలవి దాదాపు 13,000 ఈ-జర్నళ్లు. 6,300కు పైగా ప్రభుత్వ విద్యా, పరిశోధన సంస్థలకు అందుబాటు. ఇది మంచి పని. ఇంతకుముందు చిన్న విశ్వవిద్యాలయానికి ఒక్క విదేశీ జర్నల్ చందా కట్టడమే తలకు మించిన భారం. రసాయన శాస్త్రం, జీవశాస్త్రం, ఇంజనీరింగ్ చదివేవాళ్లకు ఇది నిజమైన మేలు, కాదనను. కాని అది ప్రభుత్వ సంస్థల వరకే. ఈ డెల్టాలో ఉన్నత విద్య అత్యధికంగా నడిచేది ప్రైవేటు కళాశాలల్లో. ఆ కళాశాలలో పాఠం చెబుతూ పరిశోధన చేసే మనిషికి తన ఊళ్లో ఆ తలుపు తెరుచుకోదు. పైగా ఆ పదమూడు వేల జర్నళ్లు ఎన్ని తిరగేసినా కూచిపూడి యక్షగాన ప్రతులు కనపడవు. గుడివాడ నాటక పరిషత్తుల కరపత్రాలు గాని, పెడన కలంకారీ అచ్చుల సంగతి గాని, దివిసీమ సహకార సంఘాల నివేదికలు గాని దొరకవు. వాటిని ఏ విదేశీ ప్రచురణ సంస్థా అచ్చు వేయలేదు, వేయదు కూడా.

తెలుగు పుస్తకాలు కూడా నెట్‌లో ఉన్నాయి కదా అంటారు. నిజమే, ఉన్నాయి. రాజ్ రెడ్డి ముందుండి నడిపించిన డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా వేల కొద్దీ తెలుగు పుస్తకాలను స్కాన్ చేయించింది. ఆ మహోపకారం మరువలేనిది. కాని ఆ వెబ్‌సైటు ఏమైంది? మూతపడింది. ఆ పుస్తకాలు ఇవాళ మనకు దొరుకుతున్నాయంటే వాటి నకళ్లు ఇంటర్నెట్ ఆర్కైవ్‌కు చేరబట్టే. అంటే డిజిటల్ పుస్తకాలను కూడా కాపాడింది ఒక చోట భద్రపరచడం కాదు, పలుచోట్లకు చెదరడం. ఆ స్కాన్లు తెరిచి చూసినవాళ్లకు ఇంకో సంగతి తెలుసు. ఒక పుస్తకంలో నలభై రెండో పేజీ తర్వాత నలభై ఐదు వస్తుంది. ఇంకోదానిలో కుడి అంచు తెగిపోయి ప్రతి పంక్తిలో చివరి రెండు అక్షరాలు ఉండవు. అప్పుడు మూల ప్రతి కావాలి. అది బీరువాలో ఉంది, బీరువా తాళం చెవి సెలవులో ఉన్న మనిషి దగ్గర ఉంది.

పెద్ద సంస్థల చేతిలో ఉన్నది భద్రమనుకోవడమూ భ్రమే. ఇంగ్లీషు కంపెనీ బందరులో 1611లో పెట్టిన కోఠీ కాగితాలు లండన్ బ్రిటిష్ లైబ్రరీలో ఉన్నాయి. ప్రపంచంలోని అతిపెద్ద లైబ్రరీల్లో అదొకటి. 2023 అక్టోబరులో సైబర్ దాడి జరిగి దాని కేటలాగే కొన్ని నెలలు మూతపడింది. ఏ పుస్తకం ఎక్కడుందో కూడా చెప్పలేని స్థితి. అంత సంస్థకే ఆ గతి పడితే, కరెంటు పోతే సర్వర్ పడిపోయే మన ఊళ్లలో ‘అన్నీ ఆన్‌లైన్’ అని నిబ్బరంగా ఎలా ఉండగలం?

విద్యాసంస్థలకు గ్రేడులిచ్చే నాక్ బృందం వచ్చినప్పుడు లైబ్రరీలో ఏం అడుగుతుందో కూడా ఇక్కడ చెప్పాలి. కంప్యూటరీకరణ అయిందా, ఈ-వనరులకు ఎంత ఖర్చు పెట్టారు, రోజుకు ఎంతమంది వచ్చారు, ఎంతమంది లాగిన్ అయ్యారు. ఏ పుస్తకం ఎవరింటికి వెళ్లింది, వెళ్లి ఏం చేసింది అన్నది మార్కుల్లోకి రాదు. మార్కులు రాని పని ఏ సంస్థా చేయదు. దానికి తోడు బడ్జెట్ మురిగిపోతుందని మార్చి నెలాఖరులో హడావిడిగా కొనే పుస్తకాలు. ఎవరు ఎక్కువ కమీషన్ ఇస్తే వాళ్ల దగ్గర, వాళ్ల దగ్గర ఏముంటే అది. ఈ వ్యవహారం మీద విడిగా రాయాలి, ఇక్కడ ఇంతటితో వదిలేస్తాను.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. పుస్తకాన్ని ఒక గదిలో పెట్టి తాళం వేస్తే అది భద్రంగా ఉంటుందన్న నమ్మకానికి ఈ నేల మీద ఆధారమే లేదు. 1864 నవంబరు 1న బందరు మీదికి వచ్చిన ఉప్పెనలో ముప్పై వేల మంది చనిపోయారు. 1977 నవంబరు 19న దివిసీమలో ఏం జరిగిందో ఇప్పటికీ చెప్పగలిగిన మనుషులున్నారు. పది వేల మందికి పైగా పోయారు, ఊళ్లకు ఊళ్లు తుడిచిపెట్టుకుపోయాయి. 1990 మేలో మళ్లీ తుపాను కృష్ణ ముఖద్వారం దగ్గరే తీరం దాటింది. సముద్రం దాకా పోనక్కర్లేదు. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడలో రోజుల తరబడి ఇళ్ల కింది అంతస్తులు నీళ్లలో నానాయి. హైదరాబాదులో 2000 ఆగస్టు వరదకు సుందరయ్య విజ్ఞాన కేంద్రంలోకి నీళ్లొచ్చి, అక్కడ సేకరించి పెట్టిన అపురూపమైన ఉర్దూ గ్రంథాలు తడిసిపోయాయి. అక్కడ సముద్రం కూడా లేదు. శ్రీలంకలో యాఫ్నా లైబ్రరీని 1981లో తగలబెట్టినప్పుడు దాదాపు 97 వేల పుస్తకాలు కాలిపోయాయి. వాటిలో మారుప్రతి లేనివి శాశ్వతంగా పోయాయి. మరోచోట ప్రతులున్నవి తమిళ జాతికి మిగిలాయి. అమెరికాలో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయ లైబ్రరీ 1999లో డిజిటల్ జర్నళ్ల కోసం ఒక పథకం మొదలుపెట్టింది. ఎన్ని చోట్ల ప్రతులుంటే అంత భద్రం అన్నదే దాని సూత్రం. కంప్యూటర్లు చేతిలో ఉన్నవాళ్లే ఆ నిర్ణయానికి వచ్చారు.

ఉప్పెన రానక్కర్లేదు, ఉప్పుగాలి చాలు. ఈ జిల్లాలోనే ఒక కళాశాల లైబ్రరీలో పాత మాసపత్రికల బైండు ఒకటి అడిగాను. తాళం చెవి కోసం చాలాసేపు వెతికారు. ఇనుప బీరువా తలుపు కింద తుప్పు పట్టి బిగుసుకుపోయింది. ఇద్దరం కలిసి లాగాం. లోపలి గాలి చెమ్మ వాసన. బైండింగుకు వాడిన మైదా జిగురును పురుగు తినేసి వెన్ను గుల్లయింది. పిన్నులు కరిగి ఎర్రటి మరకలై నాలుగైదు పేజీల్లోకి దిగాయి. రంగుల బొమ్మలున్న నున్నటి కాగితాలు ఒకదానికొకటి అట్టకట్టాయి, విడదీయబోతే బొమ్మ ఊడి ఎదుటి పేజీకి అంటుకుంది. వెనక అట్ట లోపల అంటించిన గడువు తేదీల చీటీ మీద ఒక్క తేదీ ముద్ర కూడా లేదు. ఆ పుస్తకాన్ని ఎవరూ ఎత్తుకుపోలేదు, ఎవరూ చింపలేదు, ఎవరికీ ఇవ్వలేదు. స్టాక్ రిజిస్టర్ ప్రకారం అది భద్రంగానే ఉంది. అసలు నష్టం ఇలాంటిది. పోయిన పుస్తకానికి ఆడిట్ అభ్యంతరం రాస్తుంది, బీరువాలో కుళ్లిన పుస్తకానికి రాయదు. గాలి ఆడని ఇనుప బీరువాలో తేమ బయటికి పోదు. పుస్తకం నెలకోసారైనా బయటికి వస్తే ఎవరో ఒకరు తెరుస్తారు, దులుపుతారు, పురుగు కనిపిస్తే చెబుతారు, కుట్టు ఊడితే బైండింగుకు పంపుతారు.

అయితే ఒకే ప్రతి ఉన్న పుస్తకాన్ని ఇంటికిమ్మంటారా అని అడుగుతారు. అననే అనను. ఆ ప్రతికి ఇంకో ప్రతి తీసి, దాన్నిమ్మంటాను. కాపీరైటు చట్టం 52వ సెక్షన్ ఇందుకు అవకాశమిచ్చింది. దేశంలో అమ్మకానికి దొరకని పుస్తకానికి వ్యాపారేతర ప్రజా గ్రంథాలయం తన అవసరానికి మూడు ప్రతుల దాకా తీసుకోవచ్చు. తన దగ్గర అచ్చుప్రతి ఉన్నదాన్ని భద్రత కోసం డిజిటల్ రూపంలో దాచుకోవచ్చు. విశ్వవిద్యాలయ లైబ్రరీ ప్రజా గ్రంథాలయమా అని సందేహం వస్తే, ప్రజలకు తలుపులు తెరవడం కంటే మంచి జవాబు ఉండదు. రచయిత పోయి అరవై ఏళ్లు దాటిన రచనలకైతే ఈ చర్చే అక్కర్లేదు. 1943లో కన్నుమూసిన గుడివాడ దగ్గరి అంగలూరు బిడ్డ త్రిపురనేని రామస్వామి చౌదరి రచనలు, 1945లో పోయిన ముట్నూరి కృష్ణారావు సంపాదకీయాలు ఇవాళ అందరి సొత్తు. ఎన్ని ప్రతులైనా తీయవచ్చు. పాఠ్యాంశాల జిరాక్సు మీద ప్రచురణ సంస్థలు వేసిన కేసులో ఢిల్లీ హైకోర్టు 2016లో విద్యా ప్రయోజనాన్నే సమర్థించింది. చట్టం ఇచ్చిన దారిలో నడవడానికి మనమే జంకుతున్నాం.

పంపిణీ పద్ధతికీ సేకరణకూ ఉన్న సంబంధాన్ని మన విశ్వవిద్యాలయాలు అసలు పట్టించుకోలేదు. ఇది నాకు అన్నిటికంటే బాధ కలిగించే విషయం. 1954 నాటి చట్టం ప్రకారం దేశంలో అచ్చయిన ప్రతి పుస్తకం నాలుగు లైబ్రరీలకు చేరాలి. కలకత్తా జాతీయ గ్రంథాలయం, మద్రాసు కన్నెమరా, బొంబాయి ఏషియాటిక్ సొసైటీ, ఢిల్లీ పబ్లిక్ లైబ్రరీ. నాలుగింటిలో ఒక్కటీ తెలుగు నేల మీద లేదు. గుడివాడలో మూడొందల ప్రతులు సొంత ఖర్చుతో అచ్చేసుకున్న ఒక రైతు ఆత్మకథ, బందరు హైస్కూలు శతజయంతి సంచిక, చల్లపల్లి జమీందారీ పోరాటం మీద ఒక చిన్న పుస్తకం, ఉప్పెన తర్వాత సహాయ సంఘాలు వేసిన నివేదిక, ఇవి ఎక్కడుంటాయి? ఇళ్లల్లో ఉంటాయి. అటక మీద, ట్రంకు పెట్టెల్లో. ఇంటి పెద్దాయన పోయిన ఏడాదికి అవి కిలోల లెక్కన పాత పేపర్ల కొట్టుకు చేరతాయి.

ఆ కుటుంబాలను లైబ్రరీకి ఇవ్వమని అడిగి చూడండి. "మీకిస్తే బీరువాలో పడేస్తారండీ, మా నాన్నగారి పుస్తకాలు నలుగురూ చదవాలి" అంటారు. వాళ్ల అనుభవం అది. తండ్రి పేరిట లైబ్రరీకి పుస్తకాలిచ్చి, రెండేళ్ల తర్వాత వాటిలో ఒకటి చూద్దామని వెళితే కేటలాగులో కూడా ఎక్కలేదని తెలిసినవాళ్లున్నారు. ఇచ్చే లైబ్రరీకే జనం ఇస్తారు. ఇవ్వని లైబ్రరీకి టెండరు పుస్తకాలు మాత్రమే వస్తాయి. పరిశోధన లైబ్రరీ ప్రత్యేకత అంతా మరెక్కడా లేని సేకరణలో ఉంటుంది. ఢిల్లీలో దొరికే పుస్తకమే బందరులో ఉంటే పరిశోధకుడు ఢిల్లీ నుంచి బందరు రాడు. కృష్ణా పత్రిక సంపుటాలు, కూచిపూడి, మొవ్వ, ఘంటసాల మీద వచ్చిన ప్రతి కాగితం, రొయ్యల చెరువుల మీద కరపత్రం, నీటి సంఘాల మినిట్స్ పుస్తకం ఉంటే వస్తాడు. అవి రావాలంటే ఈ మూడు ప్రాంతాల ఇళ్ల తలుపులు తెరుచుకోవాలి. ఆ తలుపులు మన కౌంటర్ దగ్గరి మర్యాదను బట్టి తెరుచుకుంటాయి.

"ప్రజలకు జిల్లా గ్రంథాలయ సంస్థ ఉంది కదా, విశ్వవిద్యాలయం ఎందుకు ఇవ్వాలి?" అన్నది పుస్తకం ఇవ్వకూడదనేవాళ్ల ఆఖరి అస్త్రం. 1960 చట్టం ప్రకారం ఇంటి పన్నులో రూపాయికి 8 పైసలు గ్రంథాలయ పన్నుగా ఈ జనం కడుతున్న మాట నిజం. ఆ శాఖా గ్రంథాలయాల్లో దినపత్రికలు, పోటీ పరీక్షల పుస్తకాలు, నవలలు ఉంటాయి. అవి ఉండాలి కూడా. పరిశోధనకు కావలసినవి అక్కడ ఉండవు. విశ్వవిద్యాలయమూ నడిచేది ఇదే జనం సొమ్ముతో. రంగనాథన్ 1924లో మద్రాసు విశ్వవిద్యాలయ లైబ్రరీ బాధ్యత తీసుకుని, పాఠకులు అరల మధ్య స్వేచ్ఛగా తిరిగే ఏర్పాటు చేశారు. 1931లో ఆయన రాసిన గ్రంథాలయ శాస్త్ర సూత్రాల్లో మొదటిదే పుస్తకాలున్నది వాడుకోవడానికని. ఆ సూత్రం మన లైబ్రరీ సైన్స్ విద్యార్థులంతా పరీక్షలో రాసి పాసవుతారు. అయ్యంకి వెంకటరమణయ్య లాంటివాళ్లు 1914లోనే బెజవాడలో గ్రంథాలయ సంఘం పెట్టి ఊరూరా తిరిగింది పుస్తకాన్ని మనిషి దగ్గరికి చేర్చాలనే. కృష్ణకు అవతలి ఒడ్డున పాతూరి నాగభూషణం 1935లో కాలువ మీద పడవలో లైబ్రరీ నడిపారు. రేవు రేవుకూ పడవ ఆపి పుస్తకాలిచ్చారు, మళ్లీ వచ్చినప్పుడు తీసుకున్నారు. పడవలో వెళ్లే పుస్తకానికి నీటి భయం లేదా? ఉంది. అయినా ఇచ్చారు. తొంభై ఏళ్ల తర్వాత, సిమెంటు రోడ్లూ ఆర్టీసీ బస్సులూ ఉన్న కాలంలో, లైబ్రరీల నెట్‌వర్కు డెల్‌నెట్‌లో సభ్యత్వం తీసుకుంటే ఢిల్లీ లైబ్రరీ నుంచి పుస్తకం బందరుకు తెప్పించుకోగల కాలంలో, బందరు నుంచి అవనిగడ్డకు పుస్తకం పంపలేమంటే నేను ఒప్పుకోను.

చేయాల్సింది పెద్ద ఖర్చుతో కూడిన పని కాదు. రెండు ప్రతులున్న ప్రతి పుస్తకంలో ఒకటి తప్పనిసరిగా బయటికి వెళ్లాలి. ‘రిఫరెన్స్’ ముద్రలన్నీ ఒకసారి తిరగదోడి, ఖరీదు చూసి వేసినవి కొట్టేయాలి. పరిశోధకుడు ఏ కళాశాలవాడైనా, ఏ కళాశాలకూ చెందని పల్లెటూరి పండితుడైనా, ఆధార్ జిరాక్సూ తిరిగిచ్చే డిపాజిట్టూ తీసుకుని నెల గడువుతో ఇవ్వాలి. డిపాజిట్టు కట్టలేనివాళ్లకు ఒక అధ్యాపకుడి సంతకం చాలాలి. గడువు దాటితే ఫోను చేయాలి, ఉత్తరం రాయాలి, అదే పుస్తకం కొనిపించాలి, దొరకకపోతే ఖరీదు వసూలు చేయాలి. అప్పటికీ రాకపోతే వెయ్యికి ఐదు లెక్కలో కొట్టేసి లైబ్రేరియన్‌కు నో డ్యూస్ ఇచ్చేయాలి. ఆదివారం తెరిచి, బదులుగా ఇంకో రోజు సెలవివ్వాలి. జిల్లా గ్రంథాలయ సంస్థతో ఒప్పందం చేసుకుని గుడివాడ, అవనిగడ్డ శాఖల్లో పుస్తకం అడిగే చోటూ తిరిగిచ్చే చోటూ ఏర్పాటు చేయాలి. వారానికోసారి పెట్టె వెళ్లి రావడానికి ఆర్టీసీ కార్గో ఉంది.

మారుప్రతి లేని స్థానిక పుస్తకాలకు ప్రతులు తీయించే పని వేసవి సెలవుల్లోనే ముగియాలి. ఈ తీరానికి ముఖ్యంగా అక్టోబరు నుంచి డిసెంబరు దాకా తుపాన్ల రోజులు. తీసిన ప్రతుల్లో ఒక సెట్టు గుడివాడలో, ఒకటి దివిసీమలో, ఒకటి సముద్రానికి దూరంగా నూజివీడులో ఉండాలి. మొదటి పెట్టెలో 1977 ఉప్పెన మీద అచ్చయిన నివేదికలు, వ్యాసాలు, పాటల పుస్తకాలు వెళ్లాలి. అవి అవనిగడ్డ, కోడూరు, నాగాయలంక పాఠకుల ఇళ్లకు చేరాలి. వాళ్లలో ఎవరైనా తమ అటక మీద ఇలాంటిదే ఇంకోటి ఉందని చెబితే, దాన్ని రసీదు రాసి తీసుకోవడానికి, ప్రతి తీసి మూలాన్ని వాళ్లకే తిరిగివ్వడానికి, ఒక మనిషిని ఆ పనికే నియమించాలి.